16ఎస్ రిపోర్టులో మూడు పేర్లూ 99 శాతం దాటితే ఏ పేరు రాయాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు. మీరు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్, తల్లిపాలు తాగే పిల్లల మలం నుంచి, నాలుగిళ్ల పెరుగు నుంచి 14 కల్చర్లు తీశారు, డబ్బులు సరిపోక అందులో ఎనిమిదింటిని మాత్రం బయట ల్యాబ్‌లో 16ఎస్ (బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి మామూలుగా చదివే జీన్) సీక్వెన్సింగ్‌కి ఇచ్చారు. అయిదింటికి లాక్టోబాసిల్లస్‌లోని కేసీ, పారాకేసీ, రామ్నోసస్ మూడు స్పీషీస్ పేర్లూ 99 శాతం పోలికకి పైనే వచ్చాయి. రెండింటికి ప్లాంటారం, పెంటోసస్ సరిసమానంగా వచ్చాయి. ఒకటి బైఫిడోబ్యాక్టీరియం లాంగం. గైడ్ ఏమో "మొదటి వరసలో ఉన్న పేరు రాసెయ్" అంటున్నారు, మీకేమో మనసొప్పడం లేదు. ఇంకో జీన్ చేయాలా, చేస్తే ఏది, మొత్తం జీనోమ్ చేయించాలా, వీటిని ప్రోబయోటిక్ అని రాసుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మొదటి వరసలో ఉన్న పేరు రాయకండి. ఆ ఎనిమిదింటిలో ఒక్కదానికి కూడా 16ఎస్‌తో పేరు పూర్తిగా తేలలేదు. కేసీ గుంపుకి ఫె-ఎస్ జీన్ చేయండి, ప్లాంటారం గుంపుకి రెక్-ఏ జీన్ మీద మల్టీప్లెక్స్ పీసీఆర్ (ఒకే ట్యూబులో ఒకేసారి రెండు మూడు స్పీషీస్‌ని వెతికే పరీక్ష) చాలు, బైఫిడోకి హెచ్‌ఎస్‌పీ60 జీన్. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి జీనోమ్ అక్కర్లేదు. ఇక ప్రోబయోటిక్ అన్న మాటని థీసిస్ టైటిల్లోంచి తీసేయండి, దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను పద్నాలుగేళ్లుగా చేస్తున్నది ఇదే పని, పాల కల్చర్లూ క్యాప్సూళ్లలో వేసే బ్యాక్టీరియా వస్తే అవి నిజంగా ఏమిటో చెప్పడం. మీ రిపోర్టు లాంటివి వారానికి రెండు మూడు చూస్తుంటాను.

16ఎస్ ఎందుకు సరిపోదో ముందు చూద్దాం. ఆ జీన్ దాదాపు 1,500 డీఎన్‌ఏ అక్షరాలు. రైబోజోమ్ తయారీకి కావలసింది కాబట్టి బ్యాక్టీరియాలన్నిటిలో ఉంటుంది, చాలా నిదానంగా మారుతుంది. కార్ల్ వోస్ 1977లో దీన్ని పట్టుకునే జీవవృక్షాన్ని తిరగరాశాడు. నిదానంగా మారడం దూరపు చుట్టరికాలు చెప్పడానికి బాగా పనికొస్తుంది, దగ్గరి చుట్టాలని విడదీయడానికి అదే అడ్డం. మన భాషలో చెప్పాలంటే 16ఎస్ ఇంటిపేరు చెప్తుంది. ఒకే ఇంటిపేరున్న వాళ్లు ఊళ్లో పదిళ్లు ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు?

ఇక్కడ చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. పాత పుస్తకాల్లో 97 శాతం అని, ఇప్పుడు 98.65 లేదా 98.7 అని ఒక గీత చెప్తారు కదా, అది ఒకవైపే పనిచేసే గీత. పోలిక అంతకంటే తగ్గితే ఇది వేరే స్పీషీస్ అని ధైర్యంగా అనొచ్చు. అంతకంటే పెరిగితే మాత్రం "ఒకే స్పీషీస్" అని కాదు, "నాకు తెలియదు" అని అర్థం. మీ గైడ్ లాంటి పెద్దవాళ్లు కూడా 99 అని చూడగానే తేలిపోయిందనుకుంటారు. కేసీ గుంపు స్పీషీస్ మధ్యే 16ఎస్ పోలిక 99 చుట్టుపక్కల ఉంటుంది, అక్కడ 99 అనే అంకెకి విలువేముంది?

లెక్క వేసి చూడండి. 1,450 అక్షరాల్లో 0.3 శాతం తేడా అంటే నాలుగు అక్షరాలు. పైగా లాక్టోబాసిల్లస్ కుటుంబంలో ఒక్కో కణంలో 16ఎస్ కాపీలు మామూలుగా నాలుగు నుంచి తొమ్మిది దాకా ఉంటాయి, అవన్నీ అచ్చు ఒకేలా ఉండాలని రూలు లేదు. అంటే మీరు రెండు స్పీషీస్ మధ్య తేడా అనుకుంటున్న ఒకటి రెండు అక్షరాలు ఒకే కణంలోని రెండు కాపీల మధ్య కూడా ఉండొచ్చు.

ముందు క్రొమాటోగ్రాం, అంటే సీక్వెన్సింగ్ మెషీన్ ఒక్కో అక్షరానికి ఒక్కో శిఖరంగా గీసిన గ్రాఫ్, తెరవండి. ల్యాబ్ పంపిన పీడీఎఫ్ కాదు, .ఏబీ1 ఫైలు. మీకు ఒక్క రీడే ఇచ్చారా, రెండు వైపులా ఇచ్చారా? చాలా ల్యాబులు 27ఎఫ్ ప్రైమర్‌తో (ప్రైమర్ అంటే చదవడం ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్క) ఒకవైపు మాత్రం చదివి 700 అక్షరాలు చేతిలో పెడతాయి. సాంగర్ పద్ధతిలో ప్రైమర్ పక్కనున్న మొదటి 30, 40 అక్షరాలు గజిబిజిగా వస్తాయి, శిఖరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, అందుకని ఆ ముక్క కత్తిరించి పారేస్తారు. చిక్కేమిటంటే కేసీ, పారాకేసీ, రామ్నోసస్‌లకి 16ఎస్‌లో ఉన్న కాస్త తేడా ఎక్కువగా వీ1 అనే భాగంలోనే ఉంది, అది జీన్ మొదట్లో, సరిగ్గా ఆ గజిబిజి దగ్గరే ఉంటుంది! అసలు తేడా ఉన్న చోటు కత్తిరించి, తేడా లేని చోటు పోల్చి, మూడూ సమానం అంటే ఎలా? అవతలి కొసనున్న 1492ఆర్ ప్రైమర్ వైపు నుంచి, మధ్యలోంచి జీన్ మొదటి వైపుకి చదివే ఇంకో ప్రైమర్‌తో చదివించి, ముక్కలన్నీ కలిపి చూడండి. దీంతో రామ్నోసస్ అయితే చాలాసార్లు విడిపోతుంది. కేసీ, పారాకేసీ తగువు మాత్రం తీరదు.

అదే ఫైల్లో జంట శిఖరాలు ఉన్నాయేమో కూడా చూడండి. ఎక్కడో ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉంటే అది కాపీల మధ్య తేడా, కంగారు పడకండి. ఒక చోట మొదలై అక్కణ్నుంచి చివరిదాకా అంతా అలికేసినట్టుంటే ఒక కాపీలో అక్షరం ఎక్కువో తక్కువో ఉందన్నమాట, అవతలి వైపు నుంచి చదివితే సరిపోతుంది. మొదటి నుంచి చివరిదాకా అక్కడక్కడా జంటలు కనిపిస్తుంటే మాత్రం మీ ట్యూబులో రెండు బ్యాక్టీరియాలున్నాయి. పెరుగు నుంచి తీసిన వాటిలో ఇది మామూలే, ఎమ్మారెస్ అగార్ (లాక్టోబాసిల్లస్‌లని పెంచే మేత) మీద రెండు కాలనీలు కవలల్లా కనిపిస్తాయి.

ఇక జీన్ల సంగతి. ఫె-ఎస్, రెక్-ఏ, ఆర్‌పీఓ-ఏ, టఫ్, హెచ్‌ఎస్‌పీ60 (దీన్నే గ్రో-ఈఎల్ అని కూడా అంటారు), ఇవన్నీ హౌస్‌కీపింగ్ జీన్లు. కణం బతకాలంటే కావలసినవి కాబట్టి అన్నిటిలో ఉంటాయి, ప్రోటీన్ తయారుచేసేవి కాబట్టి మూడో అక్షరం మారినా పని చెడదు, అందుకని 16ఎస్ కంటే వేగంగా మారతాయి. పైగా ఎక్కువగా ఒకటే కాపీ ఉంటుంది కాబట్టి పైన చెప్పిన కాపీల గొడవ ఉండదు.

మీ అయిదు కేసీ గుంపు కల్చర్లకి ఫె-ఎస్ ఎందుకన్నానంటే, లాక్టోబాసిల్లస్ కుటుంబంలో దీంతో వేర్వేరు స్పీషీస్ మధ్య తేడా చాలాసార్లు 10 శాతం దాటుతుంది, ఒకే స్పీషీస్ లోపల 3 శాతం మించదు. మధ్యలో అంత ఖాళీ ఉంటే తప్పు చేయడమే కష్టం. ఆర్‌పీఓ-ఏలో ఈ ఖాళీ తక్కువ, సుమారు 5 శాతానికి 2 శాతం. నేనైతే ఫె-ఎస్ చేసి, అనుమానం మిగిలితే రెండోదిగా ఆర్‌పీఓ-ఏ లేదా టఫ్ చేస్తాను. బ్యాక్టీరియాలు జీన్లు చేబదులు ఇచ్చిపుచ్చుకుంటాయి కాబట్టి ఒక్క జీన్ మాట మీద నిలబడటం కంటే రెండు జీన్లూ ఒకే మాట చెప్తున్నాయని చూపిస్తే వైవాలో ఎవరూ మిమ్మల్ని కదపలేరు.

ప్లాంటారం, పెంటోసస్ రెండింటికీ అసలు సీక్వెన్సింగే అక్కర్లేదు. రెక్-ఏ మీద ఒక మల్టీప్లెక్స్ పీసీఆర్ ఉంది, 2001 నుంచీ వాడుతున్నారు. జెల్ మీద 318 అక్షరాల సైజు దగ్గర గీత పడితే ప్లాంటారం, 218 దగ్గర పడితే పెంటోసస్, 107 దగ్గర పడితే పారాప్లాంటారం. మీ కాలేజీలో పీసీఆర్ మెషీనూ 2 శాతం అగరోస్ జెల్లూ ఉంటే ఒక్క పూట పని. 107 గీత జెల్ చివరికి వచ్చేసి ప్రైమర్ డైమర్‌తో (ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని వేసే గీత) కలిసిపోతుంది, అందుకని సైజు కొలవడానికి 50 బేస్‌పెయిర్ లేడర్ పక్కన నడపండి.

ఈ టెస్టు విలువ నాకు పరువు పోగొట్టుకున్నాక తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉప్పునీళ్లలో ఊరేసిన కూరగాయల నుంచి తీసిన కల్చర్ ఒకటి వచ్చింది. 16ఎస్ చేయించాం, ప్లాంటారం 99.9 అని మొదట్లో ఉంది, అలాగే రాసి సంతకం పెట్టి పంపాను. నెల తిరక్కుండా అవతలివాళ్ల ఫోన్. "మీరు ప్లాంటారం అన్నారు, మా దగ్గర ఇది జైలోజ్ మీద ఎగబడి పెరుగుతోంది, ఏమిటండీ?" అని. ప్లాంటారం మామూలుగా జైలోజ్ ముట్టదు, పెంటోసస్‌కి అది ఇష్టం, ఆ పేరు వచ్చిందే పెంటోజ్ చక్కెర మీద. రెక్-ఏ చేస్తే 218 దగ్గర గీత, ఎంత స్పష్టంగా ఉందంటే నా మొహం మీద గీసినట్టుంది. అప్పట్నుంచి జీన్ రిపోర్టు ఒక చేతిలో, చక్కెరల పులియింపు టెస్టు ఇంకో చేతిలో లేకుండా సంతకం పెట్టను. మీరూ చక్కెరల టెస్టు పాతకాలం పని అని తీసిపారేయకండి.

బైఫిడో దగ్గరికి వస్తే దారి వేరు. ముందుగా అది నిజంగా బైఫిడోనే అని తేల్చడానికి ఎక్స్‌ఎఫ్‌పీ జీన్ ఉంది, వాటి ప్రత్యేకమైన చక్కెర దారిలో కీలకమైన ఎంజైమ్‌ది. తర్వాత స్పీషీస్‌కి హెచ్‌ఎస్‌పీ60, 590 అక్షరాల ముక్క. సీక్వెన్సింగ్‌కి డబ్బులు లేకపోతే ఆ ముక్కని హే-త్రీ ఎంజైమ్‌తో కోసి జెల్ మీద గీతల వరస చూసినా చాలా స్పీషీస్ తెలిసిపోతాయి. కానీ మీ అసలు ప్రశ్న ఇంకా ముందుంది. లాంగం స్పీషీస్‌లోనే లాంగం, ఇన్‌ఫాంటిస్ లాంటి ఉపజాతులున్నాయి, 16ఎస్‌కి ఆ రెండూ దాదాపు ఒకటే. తల్లిపాలు తాగే పిల్లల దగ్గర ఈ తేడా చిన్నది కాదు. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని ప్రత్యేకమైన చక్కెరలుంటాయి, వాటిని లోపలికి లాక్కుని తినే జీన్ల గుంపు మొత్తం, సుమారు 43 వేల అక్షరాలది, ఇన్‌ఫాంటిస్‌లో ఒకేచోట ఉంటుంది. ఆ గుంపులోని సియాలిడేజ్ జీన్‌కి పీసీఆర్ పెట్టి ఉందా లేదా చూడటం వాడుకలో ఉన్న పద్ధతి. అది బిడ్డ మలం నుంచే వచ్చిన కల్చర్ అయితే ఈ ఒక్క పీసీఆర్ మీ థీసిస్‌లో అన్నిటికంటే మంచి పేజీ అవుతుంది.

ఇక్కడే ఇంకో మాట. మీ జూనియర్లు ఎవరైనా కల్చర్ చేయకుండా మలం డీఎన్‌ఏ నుంచి నేరుగా 16ఎస్ చేయిస్తుంటే చెప్పండి, మామూలు 27ఎఫ్ ప్రైమర్ బైఫిడో జీన్‌తో సరిగ్గా కలవదు. కడుపునిండా బైఫిడో ఉన్న పసిపిల్లల్లో కూడా లెక్క తక్కువ చూపిస్తుంది. అసలు మలం శాంపిళ్లకి ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఉందో లేదో కూడా చూసుకోండి, పబ్లికేషన్ వేళ అదే మెడకి చుట్టుకుంటుంది.

బ్లాస్ట్‌లో (మీ సీక్వెన్సుని డేటాబేస్‌లో ఉన్నవాటితో పోల్చే ప్రోగ్రాం) వచ్చే పేర్లని కళ్లు మూసుకుని నమ్మకండి. కేసీ కథ వింటే ఎందుకో తెలుస్తుంది. ఏటీసీసీ అనే కల్చర్ బ్యాంకులో 334 నంబరున్న స్ట్రెయిన్‌ని (స్ట్రెయిన్ అంటే స్పీషీస్ లోపలి ఒక్క వంశం) ఏళ్ల తరబడి కేసీ అన్నారు, 2006లో దాని జీనోమ్ కూడా కేసీ పేరుతోనే అచ్చయింది. అసలు కేసీకి టైప్ స్ట్రెయిన్, అంటే పేరుకి సాక్ష్యంగా భద్రపరిచిన మూల నమూనా, ఏటీసీసీ 393. ఈ రెండూ ఒక స్పీషీస్ కావు. పేరుని 334కి కట్టబెట్టాలని కొందరు వాదించారు, సంవత్సరాలు సాగిన ఆ తగువు 2008లో పేర్ల నిర్ణయ సంఘం 393 వైపు తీర్పు చెప్పడంతో తేలింది, 334 పారాకేసీ అయింది. కానీ అప్పటికే డేటాబేస్‌లో కేసీ అని ఎక్కించిన సీక్వెన్సులు అలాగే ఉండిపోయాయి. మీ కల్చర్‌కి 99.7 శాతం "కేసీ" అని వచ్చింది నిజానికి పేరు తప్పుపడిన పారాకేసీ కావడానికి అవకాశం బాగా ఉంది, ఎందుకంటే పెరుగులో, మలంలో దొరికేది ఎక్కువగా పారాకేసీయే, అసలు కేసీ అరుదు. యాకుల్ట్ సీసాలోని షిరోటా స్ట్రెయిన్ కూడా దశాబ్దాలు కేసీగా చెలామణీ అయి ఇప్పుడు పారాకేసీ లెక్కలోకి వచ్చింది. అందుకని పోల్చేటప్పుడు టైప్ స్ట్రెయిన్ల సీక్వెన్సులతో మాత్రమే పోల్చండి, బ్లాస్ట్‌లోనే ఆ ఫిల్టర్ ఉంది. పూణే ఎన్‌సీఐఎం, చండీగఢ్ ఎంటీసీసీ అనే కల్చర్ బ్యాంకుల నుంచి ఒకటి రెండు టైప్ స్ట్రెయిన్లు తెప్పించి మీ పీసీఆర్‌లో పక్కన నడిపితే ఇంకా గట్టి.

పేర్ల విషయం వచ్చింది కాబట్టి, 2020 ఏప్రిల్‌లో లాక్టోబాసిల్లస్‌ని 25 జీనస్‌లుగా (జీనస్ అంటే స్పీషీస్‌కి పైనుండే గుంపు) పంచేశారు, మీ రిపోర్టులో పాత పేర్లే ఉన్నాయి. ఇప్పుడు పారాకేసీ, రామ్నోసస్ లాక్టికేసీబాసిల్లస్ కిందకి, ప్లాంటారం లాక్టిప్లాంటిబాసిల్లస్ కిందకి, రియూటరీ, ఫెర్మెంటం లిమోసిలాక్టోబాసిల్లస్ కిందకి వెళ్లాయి. పెరుగులోని డెల్‌బ్రూకీ బల్గారికస్, ఆసిడోఫిలస్ మాత్రం లాక్టోబాసిల్లస్‌గానే మిగిలాయి. థీసిస్‌లో మొదటిసారి కొత్త పేరు, పక్కన పాతది, తర్వాతంతా "ఎల్." చాలు, ఆ పొడి అక్షరం మారకుండానే కొత్త పేర్లు కూర్చారు, అంతవరకు దయ చూపారు.

ఇంతకంటే ఘోరమైన పేరు మన మెడికల్ షాపుల్లోనే ఉంది. కొన్ని యాంటీబయోటిక్ మాత్రల్లో "లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్" కలిపి ఇస్తారు, కొన్ని స్ట్రిప్పుల మీద లాక్టోబాసిల్లస్ స్పోరోజీన్స్ అని ఉంటుంది. లాక్టోబాసిల్లస్ స్పోర్లు కట్టదు! లోపలున్నది బాసిల్లస్ కోయాగులాన్స్, దానికి కూడా ఈమధ్య జీనస్ మారింది.

జీనోమ్ ఎప్పుడు కావాలి? కొత్త స్పీషీస్ అని చెప్పాలనుకుంటే, మార్కెట్లోకి తేవాలనుకుంటే, లేదా రెండు జీన్లు రెండు మాటలు చెప్తే. అప్పుడు జీనోమ్ మొత్తం పోల్చి ఏఎన్‌ఐ అనే సగటు పోలిక చూస్తారు, 95, 96 శాతం గీత దాటితే ఒకే స్పీషీస్. మీకు అయిదు కేసీ గుంపు కల్చర్లున్నాయి అంటున్నారు కానీ అవి నిజంగా అయిదేనా? ఒకే బిడ్డ నుంచి తీసిన మూడు కాలనీలు ఒకే స్ట్రెయిన్ అయ్యే అవకాశం ఎక్కువ. సీక్వెన్సింగ్‌కి ఇంకో రూపాయి పెట్టేముందు (జీటీజీ)5 ప్రైమర్‌తో రెప్-పీసీఆర్, అంటే స్ట్రెయిన్ల వేలిముద్ర తీసే పరీక్ష, నడపండి, మీరు పంపని ఆరింటిని కూడా కలిపి. గీతల వరస ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపు చేసి, గుంపుకి ఒకటి చొప్పున ఫె-ఎస్ చేయిస్తే ఖర్చు సగమైనా తగ్గుతుంది. నిజానికి ఇది 16ఎస్‌కి ముందే చేయాల్సిన పని.

ఇప్పుడు ప్రోబయోటిక్ మాట. జీన్ మార్కర్ పేరు చెప్తుంది, మేలు చేస్తుందో లేదో చెప్పదు. మేలు అనేది స్పీషీస్‌కి కాదు, స్ట్రెయిన్‌కి అంటిపెట్టుకునే గుణం. రామ్నోసస్ జీజీ అనే పేరున్న స్ట్రెయిన్‌కి పేగు గోడని పట్టుకునే సన్నటి నూగు లాంటి పిలై ఉన్నాయి, వాటిని స్పా-సీబీఏ అనే జీన్లు తయారుచేస్తాయి. అదే రామ్నోసస్‌లో ఎల్‌సీ705 అనే ఇంకో స్ట్రెయిన్‌కి ఆ జీన్లు లేవు. ఫె-ఎస్‌ని అడిగితే రెండూ రామ్నోసస్సే.

చాలా ప్రాజెక్టుల్లో బీఎస్‌హెచ్ జీన్‌కి పీసీఆర్ చేసి, గీత పడగానే "ప్రోబయోటిక్ గుణం నిరూపితం" అని రాస్తుంటారు. అది పైత్యరస లవణాలని విడగొట్టే ఎంజైమ్ జీన్. జీన్ ఉండటం వేరు, అది పనిచేయడం వేరు, పనిచేస్తే మనిషికి మేలు జరగడం ఇంకా వేరు. 2011లో వచ్చిన ఐసీఎంఆర్-డీబీటీ (కేంద్ర వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ) ప్రోబయోటిక్ మార్గదర్శకాలు చదవండి, చిన్న పుస్తకమే. స్ట్రెయిన్ దాకా గుర్తింపు, కల్చర్ బ్యాంకులో భద్రపరచడం, యాంటీబయోటిక్ నిరోధకత లాంటి భద్రత పరీక్షలు, చివరికి మనుషుల మీద ట్రయల్, ఇవన్నీ అడుగుతాయి. మీరు ఉన్నది మొదటి మెట్టు మీద. "లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా వేరుచేయడం, గుర్తించడం" అని టైటిల్ పెట్టుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు.

భద్రత అన్నాను కాబట్టి, మిగిలిన ఆరింటిలో గుండ్రటి కణాలున్నవి ఉంటే అవి ఎంటరోకోకస్ కావొచ్చు, అవి కూడా ఎమ్మారెస్ మీద చక్కగా పెరుగుతాయి, మలంలో దండిగా ఉంటాయి, ఆసుపత్రుల్లో రోగాలు తెచ్చేవి కూడా వాటిలోనే ఉన్నాయి. వాటిని "మంచి బ్యాక్టీరియా" పట్టికలో కలిపేయకండి.

గైడ్‌తో గొడవ పడొద్దు, ఇప్పటికి ఇలా రాయండి: "16ఎస్ ఆధారంగా ఈ అయిదు కల్చర్లు లాక్టికేసీబాసిల్లస్ కేసీ గుంపుకి చెందినవి, స్పీషీస్ నిర్ధారణ ఫె-ఎస్ ద్వారా." ఇందులో అబద్ధం లేదు, ఆయన మాట తీసేసినట్టూ ఉండదు. ఫె-ఎస్ వచ్చాక రెండో వాక్యం మార్చుకుంటారు.

ఈ వారం ఒక్క పని చేయండి. 14 ట్యూబులూ ఎమ్మారెస్ మీద మళ్లీ గీసి, బైఫిడోకి 0.05 శాతం సిస్టీన్ కలిపి గాలి లేని జార్‌లో పెట్టి, విడి కాలనీలు వచ్చాక ఒక్కోదాని మీద చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయండి, గ్రామ్ స్టెయిన్ చేయండి. బుడగలొస్తే అది మీకు కావలసింది కాదు. తర్వాత డీఎన్‌ఏ తీసేటప్పుడు ఉత్తినే నీళ్లలో మరగబెడితే ఈ గట్టి గోడల కణాలు సరిగ్గా పగలవు, గంటసేపు 37 డిగ్రీల దగ్గర లైసోజైమ్‌లో ఉంచండి. క్రొమాటోగ్రాంలో జంట శిఖరాలు ఎక్కడ మొదలవుతున్నాయో అర్థం కాకపోతే స్క్రీన్‌షాట్ ఇక్కడే పెట్టండి, మొదటి 100 అక్షరాలు కనిపించేలా.